తొలి గుక్క

ఎండన పడి పనిచేసి వచ్చిన ఎద్దును కుడితితొట్టి దగ్గిరికి తోలితే ఏం చేస్తుందో, పల్లెటూళ్ళలో ఉండే పిల్లలు చూసే ఉంటారు. తొట్టిలో మూతి పెట్టిందంటే అది ఒక పట్టాన తల ఎత్తదు. మొదటి గుక్కలోనే సగం తొట్టి ఖాళీ చేస్తుంది. దాహం తీరిన తరవాత నింపాదిగా కాస్త కాస్త తాగుతుంది. అది ఆ తొలి గుక్క తాగుతున్నంతసేపూ పక్కనున్న దూడకు చుక్క దొరకదు.

కరెంటుతో పనిచేసే వస్తువులు చాలావరకు ఈ ఎద్దులాటివే. స్విచ్చి వేసిన మొదటి క్షణంలో అవి తాగే కరెంటు, ఆ తరవాత గంటల తరబడి తాగే కరెంటుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ తొలి గుక్కకు హద్దు పెట్టాలి. ఎంత హద్దు పెట్టాలి? హద్దు మరీ తక్కువయితే వస్తువు అసలు లేవనే లేవదు. హద్దే లేకపోతే కొంప కాలవచ్చు. ఈ రెండింటి మధ్యా దారి ఎలా దొరుకుతుందో ఈ నెల చూద్దాం.

పోయిన దసరాకు నేను మా అన్నయ్యగారి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే మా అన్నయ్య కూతురు, ఎనిమిదేళ్ళది, కళ్ళనీళ్ళతో ఎదురొచ్చింది.

"బాబాయ్, నాయనమ్మ పాటలు పోయాయి!" అన్నది.

సంగతేమిటంటే, మా అమ్మ పాడిన మంగళహారతులన్నీ మా అన్నయ్య ఒక డిస్కులో దాచాడు. డిస్కంటే అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె. దాని లోపల అద్దంలాగా మెరిసే పళ్ళెం ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది. పాటలూ, ఫోటోలూ ఆ పళ్ళెం మీదనే ఉంటాయి. మా అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ పాటలు మరెక్కడా లేవు. ఇప్పుడు డిస్కును కంప్యూటరుకు తగిలిస్తే నాలుగుసార్లు టిక్కు టిక్కుమని ఊరుకుంటున్నది. బాగుచేసే దుకాణంలో చూపిస్తే, "ఇది చచ్చిపోయింది. అవతల పారెయ్యండి," అన్నారట.

ఒకసారి నాకు చూపించమన్నాను. కంప్యూటరు వెనక ఉన్న ఒక యు.ఎస్.బి. రంధ్రానికి, నాలుగు నోళ్ళున్న చిన్న పెట్టె ఒకటి తగిలించి ఉన్నది. ఒక నోటికి బుల్లి పంకా, ఇంకొక నోటికి చదువుకునే దీపం, మూడో నోటికి డిస్కు. డిస్కు తగిలించగానే టిక్కుమన్నది. సరిగ్గా అదే క్షణంలో పంకా జోరు తగ్గి, మళ్ళీ పుంజుకున్నది. మళ్ళీ టిక్కు, మళ్ళీ పంకా తగ్గింది.

"ఇది చావలేదమ్మా. దీనికి దాహం తీరటం లేదు, అంతే," అన్నాను చిన్నదానితో.

పదో తరగతి చదివే దాని అన్న పక్కనే ఉన్నాడు. వాడు, "నాకు తెలుసు, బాబాయ్! కంప్యూటరులో కరెంటుకు హద్దు పెట్టే చిప్పు ఒకటి ఉంటుంది. దానికి అడ్డంగా ఒక తీగముక్క అతికేస్తే ఇక హద్దే ఉండదు. డిస్కు ఎంత కావాలంటే అంత తాగుతుంది," అన్నాడు. అప్పటికే వాడు టంకం వేసే కడ్డీ కూడా తీసుకొచ్చాడు!

నేను వాణ్ణి ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో మీకు తెలియాలంటే, ముందు ఈ తొలి గుక్క ఎందుకు వస్తుందో తెలియాలి.

తీగ బల్బునే తీసుకోండి. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి గాని, తీగ బల్బు చూడనివాళ్ళు తక్కువ. దానిలో ఉండేది టంగ్‌స్టన్ అనే లోహపు తీగ. వెలిగేటప్పుడు అది సుమారు 2,500 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడెక్కుతుంది. లోహాలకు ఒక గుణం ఉన్నది. వేడెక్కినకొద్దీ అవి కరెంటుకు ఎక్కువగా అడ్డు తగులుతాయి. ఈ అడ్డును నిరోధం అంటారు. దాన్ని ఓంలలో కొలుస్తారు. 230 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల బల్బుకు, వెలుగుతున్నప్పుడు నిరోధం దాదాపు 880 ఓంలు. అప్పుడది తీసుకునే కరెంటు ఇంచుమించు పావు ఆంపియరు. కాని చల్లగా ఉన్నప్పుడు ఆ నిరోధం పదో వంతో, పదిహేనో వంతో మాత్రమే ఉంటుంది. అందుచేత స్విచ్చి వేసిన క్షణంలో పావు ఆంపియరుకు బదులు రెండున్నర మొదలు నాలుగు ఆంపియర్ల దాకా కరెంటు దూకుతుంది. తీగ వేడెక్కగానే తగ్గిపోతుంది. పాతబడిన బల్బులు తరచుగా స్విచ్చి వేసిన క్షణంలోనే టప్పుమని పోవటానికి ఈ తొలి గుక్క ఒక కారణం.

ఇక మోటారు సంగతి చూడండి. తిరుగుతున్న మోటారు తనలో తానే కొంత ఎదురు వోల్టేజి పుట్టించుకుంటుంది. ఆ ఎదురు వల్ల లోపలికి వచ్చే కరెంటు తగ్గుతుంది. ఆగి ఉన్న మోటారులో ఆ ఎదురు ఉండదు. అందుచేత పొలంలో పంపు మోటారు బయలుదేరేటప్పుడు, మామూలుగా తీసుకునే కరెంటుకు ఐదు మొదలు ఏడు రెట్ల దాకా లాగుతుంది. పెద్ద మోటార్లకు స్టార్-డెల్టా స్టార్టరు పెట్టేది ఇందుకే. అది మోటారులోని చుట్లను మొదట స్టార్ పద్ధతిలో కలిపి, మోటారు వేగం అందుకున్నాక డెల్టా పద్ధతికి మారుస్తుంది. స్టార్ పద్ధతిలో ఉన్నంతసేపూ లైను నుంచి లాగే కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది.

మూడోది కెపాసిటరు. ఇది విద్యుత్తును నింపి ఉంచుకునే కుండలాటిది. సెల్‌ఫోను ఛార్జరులో, టి.వి.లో, కంప్యూటరులో ఇవి ఎన్నో ఉంటాయి. ఖాళీ కెపాసిటరు మొదటి క్షణంలో కరెంటుకు అడ్డే చెప్పదు. వట్టి తీగ ఎంతో అదీ అంతే. నిండినకొద్దీ కరెంటు తగ్గి, పూర్తిగా నిండాక దానంతట అదే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ అడాప్టరును గోడసాకెట్టులో గుచ్చేటప్పుడు ఒక్కొక్కసారి చిటుక్కుమని నిప్పురవ్వ కనిపిస్తుంది, గమనించారా? ఖాళీగా ఉన్న కెపాసిటరు తాగే తొలి గుక్క అది. ఇంజనీర్లు దీన్ని ఇన్‌రష్ కరెంటు అంటారు. మనం తొలి గుక్క అనే అనుకుందాం.

తొలి గుక్క వల్ల పక్కవాళ్ళకు ఏమవుతుంది? ఇది మీరే చూడవచ్చు. ఇంటి మీది నీళ్ళ ట్యాంకు నుంచి ఒకే గొట్టానికి రెండు కుళాయిలు ఉన్నచోట, ఒక కుళాయి సన్నటి ధార వచ్చేటట్టు తిప్పండి. ఇప్పుడు రెండో కుళాయి కింద బకెట్టు పెట్టి దాన్ని ఒక్కసారిగా బార్లా తిప్పండి. మొదటి ధార సన్నబడుతుంది. కొన్ని ఇళ్ళలో ఆగిపోతుంది కూడాను. రెండోదాన్ని మెల్లిగా, కొంచెమే తిప్పి చూడండి. మొదటి ధార అంతగా తగ్గదు. కరెంటులోనూ ఇదే జరుగుతుంది. ఒకటి ఒక్కసారిగా లాగితే మిగిలినవాటికి వోల్టేజి పడిపోతుంది. మా అన్నయ్యగారింట్లో పంకా తగ్గింది ఇందుకే. పంకా అయితే జోరు తగ్గి ఊరుకున్నది. వోల్టేజి పడితే కంప్యూటరు చేస్తున్న పని మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టవచ్చు. ఏదైనా రాస్తున్న డిస్కు ఆ రాత చెడగొట్టుకోవచ్చు. (బకెట్టులో నీళ్ళు పారబోయకండి, మొక్కలకు పోయండి!)

మరి ఈ గుక్కను అదుపు చేసేదెవరు? మన చెరువులకు తూములుంటాయి గదా. చాలా ఊళ్ళలో తూము తెరిచి పొలాలకు నీళ్ళు వదిలే మనిషి ఒకడు ఉండేవాడు. అతన్ని నీరటి అనేవాళ్ళు. ఇప్పటికీ కొన్ని చోట్ల ఉన్నాడు. ఎండాకాలమంతా ఎండి, నెర్రెలు విచ్చిన పొలాలకు మొదటిసారి నీళ్ళు వదలటం తేలిక పని కాదు.

తూము బార్లా తెరిచేశాడనుకోండి. నీళ్ళు కాలవ గట్టు తెంచుకుంటాయి. ఎగువ మడి వాళ్ళకు మునక, దిగువ మడి వాళ్ళకు ఎండ. భయపడి బొటనవేలంత సందు మాత్రమే తెరిచాడనుకోండి. ఆ వచ్చే నీటిని ఎండిన కాలవ నేలే తాగేస్తుంది. తెల్లవార్లూ పారినా మడికి చుక్క చేరదు. తెలిసిన నీరటి మూడు సంగతులు చూసుకుంటాడు. కాలవ ఎంత నీరు మోయగలదు? దారిలో నేల ఎంత తాగుతుంది? మడి నిండటానికి ఎంతసేపు పడుతుంది? ఈ మూడూ తెలిసి తెరిస్తే కాలవా తెగదు, మడీ ఎండదు.

యు.ఎస్.బి. రంధ్రం వెనక ఉండే చిప్పు కూడా ఇలాటి నీరటే. దాన్ని పవర్ స్విచ్చి అంటారు. చాలా వాటి పరిమాణం కందిగింజకు మించదు. దాని లోపల తూములాగా పనిచేసే ట్రాన్సిస్టరు ఉంటుంది. ఆ ట్రాన్సిస్టరుకు గేటు అని ఒక భాగం ఉన్నది. గేటు మీద పెట్టే వోల్టేజిని బట్టి తూము ఎక్కువగానో తక్కువగానో తెరుచుకుంటుంది. పక్కనే, పోతున్న కరెంటును కొలిచే భాగం ఒకటి ఉంటుంది. కరెంటు హద్దు దాటబోయిందా, చిప్పు గేటును కొంచెం మూస్తుంది. అది కరెంటును పూర్తిగా ఆపదు. హద్దు దగ్గిర పట్టి నిలబెడుతుంది. ఫ్యూజుకూ దీనికీ ఇదే తేడా. ఫ్యూజు హద్దు దాటితే తెగిపోతుంది. ఈ నీరటి తెగడు, తూము బిగిస్తాడు.

హద్దు ఎంతో చిప్పుకు ఎవరు చెబుతారు? చాలా చిప్పులకు ఇందుకోసమే ఒక కాలు ఉంటుంది. ఆ కాలుకు తగిలించే చిన్న నిరోధకాన్ని బట్టి చిప్పు తన హద్దు తెలుసుకుంటుంది. సాధారణంగా నిరోధకం విలువ పెరిగితే హద్దు తగ్గుతుంది. పెట్టె తయారుచేసే ఇంజనీరు ఆ ఒక్క నిరోధకం ఏది పెట్టాలన్నదాని కోసం చాలా సేపు లెక్కలు వేస్తాడు. ఆ లెక్క మీకూ వస్తుంది. చూడండి.

కెపాసిటరు ఎంత పడుతుందో మైక్రోఫారడ్లలో చెబుతారు. 1,000 మైక్రోఫారడ్ల కెపాసిటరును 5 వోల్టుల దాకా నింపాలి. 1,000ని 5తో గుణిస్తే 5,000 మైక్రోకూలుంబులు, అంటే 5 మిల్లీకూలుంబులు. ఒక ఆంపియరు కరెంటు ఒక మిల్లీసెకండులో ఒక మిల్లీకూలుంబు పోస్తుంది. (సెకండులో వెయ్యోవంతు మిల్లీసెకండు.) కనక ఒక ఆంపియరు చొప్పున పోస్తే కెపాసిటరు 5 మిల్లీసెకండ్లలో నిండుతుంది. అర ఆంపియరు చొప్పున పోస్తే 10 మిల్లీసెకండ్లు పడుతుంది. మీరు రెప్ప వేసి తీసేలోపల ఇలాటివి చాలా నింపవచ్చు.

మరి అసలు హద్దే లేకపోతే? దారిలో ఉన్న తీగల నిరోధం మొత్తం ఓంలో పదో వంతు అనుకోండి. 5 వోల్టులను పదో వంతుతో భాగిస్తే 50 ఆంపియర్లు! ఒక్క క్షణమే కావచ్చు. కాని ఆ క్షణంలో పక్కవాటికి వోల్టేజి మిగలదు.

ఇంకొక చిక్కు ఉన్నది. కెపాసిటరు నిండుతూ ఉండగానే, ఆ వస్తువు తన పని మొదలుపెట్టి 0.4 ఆంపియరు తాగుతున్నదనుకోండి. హద్దు 0.5 అయితే కెపాసిటరుకు మిగిలేది 0.1 మాత్రమే. అప్పుడు నిండటానికి 10 మిల్లీసెకండ్లు కాదు, 50 పడుతుంది. వస్తువు 0.6 ఆంపియరు అడిగితే ఏమవుతుంది? వచ్చేదంతా దారిలోనే ఆవిరి. కెపాసిటరు ఎన్నటికీ నిండదు. ఎండిన కాలవ నీళ్ళన్నీ తాగేసినట్టే! హద్దు తక్కువయితే వస్తువు లేవదన్నది ఇందుకే.

హద్దు దగ్గిర నిలబడి ఉన్నంతసేపూ చిప్పుకు వేరే బాధ ఒకటి ఉన్నది. కెపాసిటరు ఖాళీగా ఉన్నప్పుడు 5 వోల్టులూ చిప్పు మీదనే పడతాయి. అర ఆంపియరు హద్దు అయితే 5ను అరతో గుణించి రెండున్నర వాట్లు. కందిగింజంత వస్తువు రెండున్నర వాట్ల వేడిని కొద్ది మిల్లీసెకండ్లు ఓర్చుకోగలదు, ఎక్కువ సేపు ఓర్చుకోలేదు. అందుకే ఇలాటి చిప్పుల్లో చాలా వాటికి వేడి చూసుకునే భాగం కూడా ఉంటుంది. సుమారు 150 డిగ్రీలు దాటితే అది తూము మూసేస్తుంది. చల్లారాక, కొన్ని చిప్పులు మళ్ళీ తెరిచి చూస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కుప్రశ్న. ఎక్కడో రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే, అంటే షార్టు అయితే, అప్పుడూ కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. ఖాళీ కెపాసిటరు తాగినప్పుడూ అలాగే దూకుతుంది. మొదటి క్షణంలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ఒకటి ప్రమాదం, ఒకటి వట్టి దాహం. ఏది ఏదో చిప్పుకు ఎలా తెలుస్తుంది?

ఆగి చూస్తే తెలుస్తుంది. దాహమయితే కొద్దిసేపట్లో తీరుతుంది. షార్టయితే తీరదు. కనక మంచి చిప్పు కరెంటు దూకగానే గగ్గోలు పెట్టదు. హద్దు దగ్గిర పట్టి ఉంచి, కొన్ని మిల్లీసెకండ్లు ఓపిక పడుతుంది. ఆలోగా తగ్గితే సరేసరి. తగ్గకపోతే అప్పుడు "ఇక్కడేదో తప్పు జరిగింది" అని కంప్యూటరుకు కబురు పంపుతుంది. కెపాసిటరు 5 మిల్లీసెకండ్లలో నిండుతుందని ఇంజనీరు లెక్క వేసేది, ఈ ఓపిక చాలుతుందా చాలదా అని చూసుకోవటానికే.

ఇక హద్దు ఎలా పెట్టాలో మీరే చెప్పగలరు. ఒకటి, ఆ వస్తువు మామూలుగా తాగేదానికన్న హద్దు కొంచెం ఎక్కువ ఉండాలి. కొంచెం ఎందుకంటే, ఏ చిప్పు హద్దూ చెప్పిన అంకె దగ్గిర కచ్చితంగా ఉండదు, కాస్త అటూ ఇటూ అవుతుంది. రెండు, కరెంటు ఇచ్చేచోటూ, దారిలోని తీగా మోయగలిగినదానికన్న హద్దు తక్కువ ఉండాలి. మూడు, ఆ హద్దుతో తొలి గుక్క తీరటానికి పట్టే కాలం చిప్పు ఓపికకు లోబడి ఉండాలి.

ఈ మూడూ ఒకేసారి కుదరకపోతే? చాలామంది చేసే పొరపాటు, వెంటనే హద్దు పెంచటం. తెలిసినవాడు దాహం తగ్గించే దారి చూస్తాడు. కెపాసిటరు చిన్నది పెట్టవచ్చు. ముందు కెపాసిటరు నిండనిచ్చి, వస్తువు ఆ తరవాత పని మొదలుపెట్టేటట్టు చేయవచ్చు. గేటును ఒక్కసారిగా కాక మెల్లిగా తెరవవచ్చు. చాలా వస్తువులుంటే వంతులు పెట్టవచ్చు. పదుల కొద్దీ డిస్కులుండే పెద్ద కంప్యూటర్లలో అన్ని డిస్కులనూ ఒకేసారి తిప్పకుండా, ఒకదాని తరవాత ఒకటి తిప్పే ఏర్పాటు ఉంటుంది. కాలవ కింద రైతులు వంతుల ప్రకారం నీళ్ళు పెట్టుకోవటం లేదూ? అదే ఇది.

యు.ఎస్.బి. నియమాలు రాసినవాళ్ళు కూడా ఈ సంగతంతా ఆలోచించారు. ఈ పద్ధతి మొదటి కూర్పు 1996లో వచ్చింది. 2000లో వచ్చిన రెండో కూర్పు ప్రకారం, కొత్తగా తగిలించిన వస్తువు కంప్యూటరు అనుమతి ఇచ్చేదాకా 100 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోగూడదు. అనుమతి దొరికాక 500 దాకా తీసుకోవచ్చు. తగిలించగానే అది 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు తాగేదానికన్న ఎక్కువ గుక్క వేయగూడదు. దాని మూలాన పక్క నోటి వోల్టేజి 330 మిల్లీవోల్టులకు మించి పడగూడదు. 2008లో వచ్చిన మూడో కూర్పులో 500 కాస్తా 900 అయింది. పక్కవాడికి ఎంత లోటు రావచ్చునో కూడా అంకె వేసి రాసుకున్నారన్నమాట!

ఇప్పుడు మా వాడి టంకం కడ్డీ సంగతికి వద్దాం. చిప్పుకు అడ్డంగా తీగ వేస్తే ఏమవుతుంది? డిస్కు తిరగవచ్చు. పంకా, దీపం కూడా బాగానే ఉండవచ్చు. అన్నీ బాగున్నాయనుకుంటూ ఉండగా ఏదో ఒక రోజున డిస్కు తీగ నలిగి, లోపల షార్టు అవుతుంది. ఆ రోజున ఆపే నీరటి ఉండడు. కంప్యూటరు పలకమీది సన్నటి రాగిదారి వేడెక్కి మాడిపోతుంది. దానితోపాటు ఇంకా ఏవేవి పోతాయో చెప్పలేం.

ఇలాటి పనే చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు చేస్తూ ఉంటారు. పాతకాలపు ఫ్యూజులున్నచోట, మోటారు వేసినప్పుడల్లా ఫ్యూజు పోతున్నదని, దానిలో లావుపాటి రాగితీగ వేస్తారు. ఫ్యూజు ఇక పోదు. కాని ఫ్యూజు తెగవలసినప్పుడు తెగకపోతే గోడలోపలి తీగ వేడెక్కుతుంది. దాని మీది తొడుగు కరుగుతుంది. నిప్పు పుడుతుంది. ఫ్యూజు తరచుగా పోతున్నదంటే, అది మనతో ఏదో చెబుతున్నదన్నమాట. నోరు నొక్కేస్తే చెప్పటం మానుతుంది గాని, చెప్పదలిచిన ప్రమాదం పోదు.

మరి మోటారు తొలి గుక్కకు ఊరికే ఆగిపోకుండా ఉండేదెలా? మీ ఇంట్లో మీటరు దగ్గిర ఫ్యూజులకు బదులు ఎం.సి.బి. అనే మీట స్విచ్చీలు ఉంటే, ముట్టుకోకుండా వాటి మీది అక్షరాలు చదవండి. సి 16 అనో, బి 10 అనో ఇంగ్లీషు అక్షరంతో ఉంటుంది. అంకె, ఆ స్విచ్చీ ఎడతెగకుండా మోయగలిగిన ఆంపియర్లు. అక్షరం, తొలి గుక్కను అది ఎంత ఓర్చుకుంటుందో చెబుతుంది. బి రకం, దాని అంకెకు 3 మొదలు 5 రెట్ల కరెంటు దూకితే తక్షణం ఆగిపోతుంది. సి రకం 5 మొదలు 10 రెట్ల దగ్గిర, డి రకం 10 మొదలు 20 రెట్ల దగ్గిర ఆగుతుంది. గట్టిగా గుక్క వేసే పెద్ద మోటార్లకు డి రకం పెడతారు. ఎడతెగని హద్దు పెంచకుండానే, తొలి గుక్కకు మాత్రం చోటిచ్చే ఉపాయం ఇది. దాన్ని మార్చవలసినవాడు తెలిసిన ఎలక్ట్రీషియను. మీరు కాదు, నేనూ కాదు.

ఇదంతా విని మా వాడు టంకం కడ్డీ పక్కన పెట్టాడు.

"మరి నాయనమ్మ డిస్కో?" అన్నది చిన్నది.

డిస్కులో ఉన్నది మోటారు గదా. దాని గుక్క మిల్లీసెకండ్లలో తీరేది కాదు. పళ్ళెం వేగం అందుకునేదాకా, కొన్ని సెకండ్లపాటు, దానికి ఒక ఆంపియరు దాకా కావాలి. తిరిగిన తరవాత అందులో సగం చాలు. ఇచ్చే తూము అర ఆంపియరు లెక్కకు పెట్టినది. అందులో పంకా, దీపం కూడా వాటాదార్లు. ఇక డిస్కు ఎలా లేస్తుంది?

ముందు పంకా, దీపం తీసేశాం. డిస్కును నేరుగా కంప్యూటరుకే తగిలించాం. ఈసారి టిక్కుమనలేదు. గుర్రుమని కాసేపు తిరిగింది, కాని వేగం అందుకోలేక ఆగిపోయింది. నా అనుమానం సరి అయిందే. సాయంత్రం బజారుకు వెళ్ళి, గోడసాకెట్టు నుంచి సొంతంగా కరెంటు తీసుకునే నాలుగు నోళ్ళ పెట్టె కొన్నాం. దానిలో ఒక్కొక్క నోటికి విడిగా తూము ఉన్నది. ఒక్కొక్క తూముకు హద్దు ఒకటిన్నర ఆంపియరు. హద్దు తీసెయ్యలేదు, చూశారా? డిస్కు దాహానికి సరిపడే హద్దు ఉన్నచోటికి దాన్ని మార్చాం.

డిస్కు తగిలించాం. చిన్నది ఊపిరి బిగబట్టి నిలబడ్డది. గుర్రు... గుర్రు... తరవాత సన్నగా, తేనెటీగ పాడినట్టు ఒకే చప్పుడు. పళ్ళెం తిరుగుతున్నది. పక్క నోటికి తగిలించి ఉన్న పంకా జోరు ఏమాత్రం తగ్గలేదు.

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ కూచుని మా అమ్మ పాటలు విన్నాం. మధ్యలో ఒకచోట ఆవిడ పాట ఆపి, "ఒరే, ఆ పంకా ఆపండిరా, చప్పుడవుతోంది," అన్నది! అందరం నవ్వాం. మా అన్నయ్య నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తెల్లవారి మొట్టమొదట చేసిన పని, ఆ పాటలను మరి రెండు చోట్ల దాచటం. మీ ఇంట్లోనూ ఇలాటివి ఒక్కచోటే ఉంటే, ఇవాళే ఇంకొక చోట దాచమని పెద్దవాళ్ళకు చెప్పండి.

మీకొక లెక్క ఇచ్చి ముగిస్తాను. 2,000 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఉన్నది. దాన్ని 5 వోల్టుల దాకా నింపాలి. పవర్ స్విచ్చి హద్దు 0.8 ఆంపియరు. నిండుతున్నంతసేపూ ఆ వస్తువు 0.3 ఆంపియరు తాగుతూనే ఉంటుంది. ఎంతసేపట్లో నిండుతుంది? చిప్పు 15 మిల్లీసెకండ్లు మాత్రమే ఓపిక పట్టగలిగితే ఏమవుతుంది? అప్పుడు మీరయితే ఏం చేస్తారు?

మొదటి ప్రశ్నకు 20 మిల్లీసెకండ్లని జవాబు వచ్చి, మూడో ప్రశ్నకు "హద్దు పెంచేస్తాను" అనకుండా ఇంకొక ఉపాయం కూడా తోచిందా, మీకు తూము అప్పగించవచ్చు.